నాలుగో పిలుపు

మొన్న సాయంత్రం నానమ్మ నానిగాణ్ణి మూడుసార్లు పిలిచింది. మొదటిసారి మామూలుగా, రెండోసారి కాస్త గొంతు పెంచి, మూడోసారి వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడి. వాడు హాల్లో ఫోను పట్టుకుని కార్ల పందెం ఆడుతున్నాడు. తల ఎత్తలేదు. చివరికి భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడి, "పిలిచావా నానమ్మా?" అన్నాడు. ఆవిడకి కోపం వచ్చింది. వినపడీ వినపడనట్టు ఉన్నాడని అనుకుంది. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నిజంగా తాతయ్యా, నాకు వినపడలేదు" అన్నాడు నావైపు చూసి.

నేను వాడి పక్షమే మాట్లాడాను. ఎందుకంటే వాడు నిజమే చెప్పాడు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో నీలీ లావీ అనే శాస్త్రజ్ఞురాలూ, ఆమె సహచరులూ 2015లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. పదమూడు మందిని కూర్చోబెట్టి, తెర మీద అక్షరాల మధ్య ఒక అక్షరాన్ని వెతకమన్నారు. వెతుకుతుండగా చిన్న శబ్దాలు వినిపించారు. మెదడులో పుట్టే అతి సన్నని అయస్కాంత మార్పుల్ని కొలిచే యంత్రంతో వాళ్ళ తలల్లో ఏం జరుగుతోందో చూశారు. వెతకడం సులువుగా ఉన్నప్పుడు శబ్దం చెవిన పడగానే, సెకనులో పదో వంతు గడిచేసరికి, మెదడులోని వినికిడి భాగం స్పందించింది. వెతకడం కష్టమయ్యేసరికి ఆ స్పందనే తగ్గిపోయింది. అంటే విని పట్టించుకోకపోవడం వేరు, ఇది వేరు. శబ్దం చెవిలోకి వెళ్ళింది గానీ మెదడు దానికి తలుపు సగమే తీసింది. కళ్ళకు పని ఎక్కువైతే చెవులకు మిగిలేది తక్కువ.

నానమ్మ అంతా విని, "అయితే ఆ ఫోను పక్కన పెట్టాకే పిలుస్తాను" అని గారె వాడి చేతిలో పెట్టింది. అక్కడితో ఆ తగువు తీరింది. అసలు సంగతి రాత్రి మొదలైంది.

రాత్రి మా ఇంట్లో కుటుంబ ప్రార్థన ఉంటుంది. ఆ రోజు వాక్యం చదివే వంతు మనవరాలు బుజ్జిది. సమూయేలు మొదటి గ్రంథం, మూడో అధ్యాయం. చక్కగా, ఎక్కడా తడబడకుండా, రైలు స్టేషన్లు దాటుకుంటూ పోయినట్టు చదివేసింది. అయ్యాక నేను అడిగాను: "ఏమ్మా, దేవుడు ఆ పిల్లవాణ్ణి ఎన్నిసార్లు పిలిచాడు?" బుజ్జి పుస్తకం వైపు చూసింది, నావైపు చూసింది. "చదివాను కదా తాతయ్యా..." అంది మెల్లగా.

పిల్లలూ, ఇది మీ ఒక్కరికే జరిగేది కాదు. అమెరికాలో పిట్స్‌బర్గ్‌లో కొందరు పరిశోధకులు నలుగురు విద్యార్థులతో జేన్ ఆస్టిన్ నవల ఒకటి మొదటినుంచి చివరిదాకా చదివించారు. చదువుతున్నంతసేపూ వాళ్ళ కంటిపాపలు ఎటు కదులుతున్నాయో యంత్రం రాసుకుంది. మధ్యమధ్యలో ఆపి, "ఇప్పుడు మీ మనసు పుస్తకం మీదే ఉందా?" అని అడిగారు. లేదని ఒప్పుకున్న చోట్ల కూడా కళ్ళు మాత్రం వరసల మీద నడుస్తూనే ఉన్నాయి. అయితే ఒక తేడా కనిపించింది. మనసు పెట్టి చదివేటప్పుడు కన్ను తెలిసిన మాటను తొందరగా దాటేసి, అరుదైన మాట దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతుంది. మనసు ఎటో వెళ్ళిపోయినప్పుడు ఆ తేడా చెదిరిపోతుంది. 2010లో వచ్చిన మాట ఇది. ఏ మాట దగ్గర ఆగాలో కంటికి చెప్పేవాడు ఇంట్లో లేడన్నమాట.

మీరు పుట్టినప్పటినుంచీ బైబిలు మన ఇంట్లో ఉంది. ఇదిగో, ఈ ఫ్యాను కూడా అంతే. ఇంతసేపటినుంచీ తిరుగుతూనే ఉంది, దాని చప్పుడు మీకు వినపడుతోందా? కరెంటు పోతే మాత్రం ఆగిందని వెంటనే తెలుస్తుంది. మారకుండా వచ్చే చప్పుడు మెదడుకి వార్త కాదు, అందుకని పక్కకు పెట్టేస్తుంది. అలా పెట్టకపోతే మనం బతకలేం కూడా. చొక్కా ఒంటికి తగులుతోందని పొద్దుటినుంచి రాత్రిదాకా తెలుస్తూ ఉంటే ఏ పని చేసుకోగలం? కాని ఆ సదుపాయమే మనకి ఒక నష్టం తెస్తుంది. పలకరింపు కూడా అలవాటైపోతే ఫ్యాను చప్పుడులో కలిసిపోతుంది.

సరే, సమూయేలు దగ్గరికి వద్దాం. షిలోహు అనే ఊరు యెరూషలేముకు ఉత్తరాన సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉండేది. దేవుని మందసం అప్పట్లో అక్కడే ఉంది. ఏలీ అనే ముసలి యాజకుడు, చూపు మందగించినవాడు. ఆయన దగ్గర పనిచేసే పిల్లవాడు సమూయేలు. ఆ పిల్లవాడికి అప్పటికి పన్నెండేళ్ళని యూదుల చరిత్ర రాసిన జోసెఫస్ చెప్పాడు. అంటే మన నానికంటే ఒక్క ఏడాది పెద్ద. మందసం ఉన్న చోటే పడుకున్నాడు. దీపం ఇంకా కొండెక్కలేదు. ఎవరో పేరు పెట్టి పిలిచారు.

పిల్లవాడు ఏం చేశాడు? లేచి పరుగెత్తాడు, ఏలీ దగ్గరికి. "పిలిచారుగా, వచ్చాను." పెద్దాయన పిలవలేదన్నాడు, వెళ్ళి పడుకోమన్నాడు. మళ్ళీ పిలుపు, మళ్ళీ పరుగు. మళ్ళీ అదే జవాబు. మూడోసారీ అంతే.

ఇక్కడ నేను మీకు చూపించాలనుకున్నది ఇది. సమూయేలు చెవులకు ఏ లోపమూ లేదు. నిద్రలో కూడా విన్నాడు. 1960లో ఆస్వాల్డ్ అనే వైద్యుడూ, మరో ఇద్దరూ నిద్రపోతున్నవాళ్ళకి టేపు మీద వరసగా పేర్లు వినిపించి చూశారు. ఎవరి పేరు వచ్చినప్పుడు వాళ్ళ మెదడు మిగతా పేర్లకంటే ఎక్కువగా స్పందించింది. కొందరైతే ముందుగా చెప్పినట్టు నిద్రలోనే పిడికిలి బిగించారు. మనం నిద్రపోయినా మన పేరు కోసం లోపల ఎవరో కాపలా కూర్చునే ఉంటారు. సమూయేలు లోపలి కాపలావాడు తన పని తాను చేశాడు. పిలుపు అందింది. ఎవరు పిలిచారన్న దగ్గరే పొరపాటు జరిగింది. ఆ ఇంట్లో రాత్రిపూట తనను పిలిచే మనిషి ఒక్కడే, ఏలీ. కాబట్టి ఏలీయే. మెదడు ఎప్పుడూ చేసే పనే ఇది. వచ్చిన శబ్దాన్ని తనకు తెలిసిన గొంతుల్లో ఏదో ఒకదానికి అంటగట్టేస్తుంది. ఆ రోజుల్లో దేవుని మాట అరుదుగా వచ్చేదని ఆ అధ్యాయం మొదట్లోనే ఉంది. ఎన్నడూ వినని గొంతుకు ఆ పిల్లవాడి తలలో ఇంకా చోటే లేదు.

"మరి దేవుడు ఆ రోజుల్లో అలా మాట్లాడాడు కదా తాతయ్యా, ఇప్పుడెందుకు ఆకాశంలోంచి గట్టిగా మాట్లాడడు? అందరూ వినేవాళ్ళు కదా!" అన్నాడు నాని.

మంచి ప్రశ్న. అలా మాట్లాడిన రోజు కూడా ఒకటి ఉంది నాన్నా. యోహాను సువార్త పన్నెండో అధ్యాయం చూడు. యేసుప్రభువు సిలువకు వెళ్ళే రోజులు. జనం చుట్టూ ఉన్నారు. ఆయన తండ్రికి ప్రార్థించాడు, ఆకాశంనుంచి జవాబు వచ్చింది. అందరి చెవులా పడింది. అక్కడ నిలబడ్డవాళ్ళు ఏమన్నారో తెలుసా? ఉరిమిందన్నారు! మరికొందరు దేవదూత ఎవరో ఆయనతో మాట్లాడాడన్నారు. ఒకే చోట, ఒకే క్షణంలో, ఒకే శబ్దం. ఒకడికి వాతావరణం, ఒకడికి దూత, యోహానుకు అర్థమున్న మాటలు.

చిన్నప్పుడు ఈ భాగం చదివినప్పుడు నాకు నమ్మబుద్ధి అయ్యేది కాదు. మాటకీ ఉరుముకీ తేడా తెలియనివాళ్ళు ఉంటారా అనిపించేది. తర్వాత ఒక ప్రయోగం గురించి చదివాను. 1981లో రాబర్ట్ రెమెజ్, ఆయన మిత్రులు చేసింది. ఒక మనిషి మాట్లాడిన వాక్యం తీసుకున్నారు. 'ఏడాది కిందట నువ్వెక్కడున్నావు?' అనే అర్థం వచ్చే చిన్న ఇంగ్లీషు వాక్యం. అందులోంచి గొంతు, గరగర, ఊపిరి అన్నీ తీసేసి, మూడే మూడు ఈల శబ్దాలు మిగిల్చారు. మాట ఎలా పైకీ కిందికీ కదులుతుందో ఆ మూడు ఈలలూ అలాగే కదులుతాయి, అంతే. దాన్ని జనానికి వినిపించారు. ముందుగా ఏమీ చెప్పకుండా వినిపిస్తే, చాలామంది పిట్టల కూతలన్నారు, అంతరిక్ష సినిమాల్లో వచ్చే శబ్దాలన్నారు, ఏవో యంత్రాలన్నారు. వేరే కొందరికి, "ఇది మాట, ఏమందో రాయండి" అని ముందే చెప్పి వినిపించారు. వాళ్ళలో చాలామంది కాగితం మీద వాక్యాన్ని రాయగలిగారు!

అదే టేపు, అవే ఈలలు. మాట వస్తోందని ఎదురుచూసినవాడికి మాట వినపడింది. ఎదురుచూడనివాడికి పిట్ట కూసింది. ఇంకో వింత ఏమిటంటే, ఒకసారి మాటగా వినపడ్డాక మళ్ళీ దాన్ని ఉత్త ఈలగా వినడం చాలా కష్టం. చెవి ఇక వెనక్కి వెళ్ళదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ ప్రయోగాలు దేవుణ్ణి రుజువు చెయ్యడానికి చేసినవి కావు. అందుకోసం వాటిని వాడటం న్యాయమూ కాదు. మాట్లాడేవాడి గురించి అవి ఏమీ చెప్పవు. వినేవాళ్ళ గురించి, మన గురించి, చాలా చెప్తాయి. దేవుడు మాట్లాడతాడని నేను నమ్ముతాను, డెబ్భై ఏళ్ళుగా నమ్ముతున్నాను. అది నా విశ్వాసం. కాని "ఆయన గట్టిగా మాట్లాడితే అందరూ వింటారు" అనేది మాత్రం చెవి పనితీరు తెలిసినవాళ్ళు ఒప్పుకునే మాట కాదు.

గట్టిగా అంటే గుర్తొచ్చింది. ఏలీయా కథ మీకు తెలుసు. రాణి చంపుతానంటే పారిపోయి, నలభై పగళ్ళు, నలభై రాత్రులు నడిచి హోరేబు కొండకి చేరి గుహలో దాక్కున్నాడు. మొదట కొండలు బద్దలు చేసే గాలి వచ్చింది. తర్వాత భూకంపం. తర్వాత నిప్పు. వాటిల్లో దేవుడు లేడని రాసి ఉంది. ఆ తర్వాతే సన్నని స్వరం. మన తెలుగు బైబిల్లో అక్కడ 'నిమ్మళం' అనే మాట పడింది. ఎంత మంచి మాట! జ్వరం తగ్గి పిల్లవాడు హాయిగా పడుకుంటే మన నానమ్మ కూడా అదే అంటుంది, నిమ్మళించాడని.

ఇప్పుడు చెవిలోపలికి రండి. కర్ణభేరి వెనక మూడు చిన్న ఎముకలుంటాయి. అన్నిటికంటే చిన్నది గుర్రపు రికాబులా ఉంటుంది, పొడవు మూడు మిల్లీమీటర్లే. మన ఒంట్లో అతి చిన్న ఎముక అదే. దానికి అతుక్కుని ఒక బుల్లి కండరం ఉంది. పెద్ద చప్పుడు రాగానే, మనం చెప్పకుండానే ఆ కండరం బిగుసుకుంటుంది. ఎముకను పట్టి ఆపుతుంది, లోపలి చెవికి వెళ్ళే శబ్దం, ముఖ్యంగా లావుపాటి శబ్దం తగ్గిపోతుంది. అది మన రక్షణకోసం. ఇంకొకటి కూడా జరుగుతుంది. జాతరలో మైకు పక్కన నిలబడి ఇంటికి వచ్చాక ఎవరేం మాట్లాడినా దూరంనుంచి వచ్చినట్టు ఉంటుంది, గమనించారా? లోపలి చెవిలోని సన్నని వెంట్రుకల కణాలు అలిసిపోయి, చిన్న శబ్దాల్ని కాసేపు అందుకోలేవు. కొన్ని గంటలు నెమ్మదిగా ఉంటే తేరుకుంటాయి.

అదే చెవి నిశ్శబ్దంలో ఎంత పని చేస్తుందో వింటే ఆశ్చర్యపోతారు. మనం వినగలిగిన అతి చిన్న శబ్దానికి కర్ణభేరి కదిలే దూరం ఒక హైడ్రోజన్ పరమాణువు వెడల్పు కంటే తక్కువ! అంత సున్నితంగా చేసిన పరికరం అది. ఏలీయా గాలినీ, భూకంపాన్నీ, నిప్పునీ దాటి నిలబడ్డాడు. అవన్నీ అయ్యాక కూడా గుహలోనే చెవులు తెరుచుకుని ఉన్నాడు. నిమ్మళమైన స్వరం వినపడగానే దుప్పటితో ముఖం కప్పుకుని గుహ వాకిట్లోకి వచ్చాడు. గాలి ఆగగానే కొండ దిగి వెళ్ళిపోయి ఉంటే? నాకు ఈ ప్రశ్న తరచూ వస్తుంటుంది. ఆ స్వరం అప్పుడూ వచ్చేదేమో. గుహలో వినేవాడు ఉండేవాడు కాదు.

"చదువుకున్నవాళ్ళకైతే తెలిసిపోతుంది కదా తాతయ్యా? పాస్టరుగారిలాగా?" అంది బుజ్జి.

అయ్యో తల్లీ, అదే నన్ను ఎక్కువ భయపెట్టే సంగతి. బోస్టన్‌లో ఒక పెద్ద ఆసుపత్రిలో పనిచేసే ట్రాఫ్టన్ డ్రూ అనే పరిశోధకుడూ, ఆయన తోటివాళ్ళూ 24 మంది రేడియాలజీ డాక్టర్లకి ఊపిరితిత్తుల స్కానులు చూపించారు. క్యాన్సరు గడ్డలేమైనా ఉన్నాయేమో వెతకమన్నారు. ఆఖరి స్కానులో, డాక్టర్లకు చెప్పకుండా, ఒక గొరిల్లా బొమ్మ పెట్టారు. వాళ్ళు వెతికే గడ్డకంటే 48 రెట్లు పెద్దది. ఆ 24 మందిలో 20 మందికి అది కనిపించలేదు. కళ్ళ కదలికలు చూస్తే, చూడలేదన్నవాళ్ళలో సగంకంటే ఎక్కువమంది చూపు నేరుగా ఆ గొరిల్లా మీదే పడింది! కన్ను ఆ చోటికి వెళ్ళింది, మనసు గడ్డల కోసం వెళ్ళింది. 2013లో వచ్చిందీ అధ్యయనం. వాళ్ళు అసమర్థులు కారు, చాలా నేర్పరులు. ఒకదాన్ని వెతకడంలో తేలిపోయారు, అందుకే రెండోది జారిపోయింది.

దీనికి సరిగ్గా జోడు బైబిల్లో ఉంది. మత్తయి రెండో అధ్యాయం. తూర్పునుంచి జ్ఞానులు యెరూషలేము వచ్చి, పుట్టిన రాజు ఎక్కడని అడిగారు. హేరోదు కలవరపడి ప్రధాన యాజకుల్నీ, శాస్త్రుల్నీ పిలిపించాడు. వాళ్ళకి గ్రంథం కంఠస్థం. తడుముకోలేదు, మీకా ప్రవక్త రాసింది ఎత్తి, బేత్లెహేములో అని చెప్పేశారు. నూటికి నూరు మార్కుల జవాబు. బేత్లెహేము అక్కడికి ఎంత దూరం? తొమ్మిది కిలోమీటర్లు, అంతే. నడిస్తే రెండు గంటలు. ఎక్కడో దూరదేశంనుంచి చుక్కను చూసుకుంటూ వచ్చినవాళ్ళు ఆ తొమ్మిది కిలోమీటర్లూ వెళ్ళారు. జవాబు చెప్పినవాళ్ళు వెళ్ళినట్టు మత్తయి ఎక్కడా రాయలేదు.

ఆ శాస్త్రుల్ని నేను నిందించలేను. రాజు అడిగింది ఊరి పేరు, వాళ్ళు వెతికింది ఊరి పేరు, దొరికింది, చెప్పారు. నేను సండే స్కూల్లో ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పాను. ఎన్నో శనివారాలు రాత్రి బైబిలు తెరిచి, రేపు పిల్లలకు ఏం చెప్పాలా అని వెతికాను. చెప్పడానికి కావలసింది ప్రతిసారీ దొరికింది. నాతో ఎవరైనా ఏదైనా అంటున్నారా అని ఆ రాత్రుల్లో చాలావాటిల్లో నేను వినలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

"మరి ఎలా తెలుస్తుంది?" అన్నాడు నాని. ఈసారి వాడి గొంతు చిన్నదైంది.

పేరుతో. పెళ్ళి భోజనాల బంతిలో కూర్చున్నప్పుడు చూడండి. వందమంది మాట్లాడుతుంటారు, వడ్డించేవాళ్ళ కేకలు, పిల్లల ఏడుపులు. మీరు పక్కనున్న మనిషి మాటే వింటూ ఉంటారు. ఎక్కడో మూడో వరసలో ఎవరో మీ పేరు అంటే చటుక్కున తల తిరుగుతుంది. దీని గురించి మొదట గట్టిగా ఆలోచించినవాడు కొలిన్ చెర్రీ. 1953లో మనుషులకు రెండు చెవుల్లో రెండు వేరే ప్రసంగాలు వినిపించి, ఒకదాన్నే వెంటవెంటనే పలకమన్నాడు. రెండో చెవిలో ప్రసంగం జర్మన్ భాషలోకి మారిపోయినా వాళ్ళు గుర్తుపట్టలేదు. మగ గొంతు ఆడ గొంతుగా మారితే మాత్రం తెలిసింది. 1959లో నెవిల్ మోరే ఇంకో అడుగు వేశాడు. పట్టించుకోని చెవిలో అవే మాటల్ని 35 సార్లు వినిపించినా తర్వాత ఎవరికీ గుర్తులేదు. అదే చెవిలో వాళ్ళ పేరు పెట్టి పిలిస్తే, సుమారు మూడో వంతుమంది విన్నారు. పేరు మూసిన తలుపు సందులోంచి కూడా దూరింది. మిగతా రెండు వంతులమందికి అదీ వినపడలేదనుకోండి. అది కూడా మర్చిపోకూడదు.

బైబిల్లో దేవుడు పేరు పెట్టి, అదీ రెండుసార్లు పిలిచిన చోట్లు లెక్కపెట్టండి. అబ్రాహామును కొడుకు మీద కత్తి ఎత్తిన క్షణంలో. యాకోబును ముసలితనంలో ఐగుప్తుకు బయల్దేరిన రాత్రి. మోషేను పొద దగ్గర. మోషే కథలో ఇంకొక అందం ఉంది. పొద మండుతోందని ఎవరైనా ఒక్క చూపులో చెప్పగలరు. కాలిపోవడం లేదని తెలియాలంటే కాసేపు నిలబడి చూడాలి. అతను దారి తప్పుకుని చూడటానికి వచ్చాడు, అప్పుడే పేరు వినపడింది. తర్వాత సమూయేలు, మార్త, సీమోను, దమస్కు దారిలో సౌలు.

మగ్దలేనే మరియను ఒక్కసారే పిలిచాడు. ఆదివారం పొద్దున్నే సమాధి దగ్గర ఏడుస్తోంది. ఆయన వెనక నిలబడి, ఎందుకేడుస్తున్నావని అడిగాడు. ఆమె చూసింది, విన్నది, తోటమాలి అనుకుంది. ఎదురుగా ఉన్నాడు, మాట్లాడాడు, అయినా తెలియలేదు! తర్వాత ఆమె పేరు ఒక్కటే పలికాడు. తిరిగి చూసింది. ఆ గొంతు అంతకుముందు ఆ పేరును ఎన్నిసార్లు పలికి ఉంటుందో.

పరిచయం అంత లోతుగా పాతుకుంటుంది. 1980లో డికాస్పర్, ఫైఫర్ అనే ఇద్దరు పుట్టి మూడు రోజులైనా కాని పసికందులకి నోట్లో పాలపీక పెట్టి ఒక ఏర్పాటు చేశారు. ఒక పద్ధతిలో చప్పరిస్తే కన్నతల్లి గొంతు వినపడుతుంది, ఇంకో పద్ధతిలో చప్పరిస్తే వేరే ఆవిడ గొంతు. పసివాళ్ళు తమ చప్పరింతను మార్చుకుని తల్లి గొంతునే తెచ్చుకున్నారు. తర్వాత 1986లో డికాస్పరే ఇంకొకటి చూపించాడు. కడుపుతో ఉన్న తల్లులు చివరి ఆరు వారాలూ రోజూ ఒక పిల్లల కథ బయటికి చదివారు. పుట్టాక బిడ్డలు కొత్త కథకంటే ఆ కథనే ఎక్కువ కోరుకున్నారు. ఒక్క మాటకీ అర్థం తెలియని బిడ్డలు! నాని కడుపులో ఉన్నప్పుడు మీ అమ్మ ఇదే గదిలో కూర్చుని పైకి వాక్యం చదివేది. ఇక్కడ కుర్చీలో కూర్చుని నేను వినేవాణ్ణి. అర్థం తర్వాత వస్తుంది, గొంతు ముందు వస్తుంది.

పైకి చదవడం అన్నాను కదా, ఒక చక్కని విషయం చెప్తాను. సమూయేలును దేవుడు పిలిచాడనే చోట హెబ్రీలో ఉన్న క్రియ 'కారా'. పిలవడం. నెహెమ్యా గ్రంథంలో, చెరనుంచి తిరిగొచ్చిన జనం యెరూషలేములో నీటి గుమ్మం దగ్గర గుమిగూడితే, ఎజ్రా తెల్లవారింది మొదలు మధ్యాహ్నందాకా ధర్మశాస్త్రం చదివాడు. జనం విని ఏడ్చారు. అక్కడ చదివాడనే చోట ఉన్న క్రియ కూడా 'కారా'యే! హెబ్రీలో చదవడానికీ పిలవడానికీ ఒకటే మాట. మన లేవీయకాండానికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'వయ్యిక్రా', పిలిచెను అని. లేఖనాలకు వాళ్ళు వాడే ఒక పేరు 'మిక్రా', అదీ ఆ ధాతువులోంచే పుట్టింది. ఆ కాలంలో పుస్తకమంటే గొంతెత్తి చదివేదే. రథంలో కూర్చుని యెషయా చదువుకుంటున్న ఐతియొపీయుడి మాటలు పక్కన పరుగెత్తుతున్న ఫిలిప్పుకు వినపడ్డాయంటే అందుకే.

అయితే ఏలీ సంగతి చెప్పకుండా ఈ కథ వదలలేను. మూడోసారికి ఆయనకు అర్థమైంది, పిలుస్తున్నది ఎవరో. ఆయన చూపు పోతోంది, కొడుకులు చెడ్డవాళ్ళు, ఇల్లు కూలబోతోంది. అయినా పిల్లవాడికి ఎలా జవాబివ్వాలో నేర్పాడు. ప్రభువా, మాట్లాడు, నీ దాసుడు వింటున్నాడు అనే అర్థం వచ్చేలా చెప్పమన్నాడు. ఆ రాత్రి దేవుడు సమూయేలుకు చెప్పింది ఏలీ ఇంటి మీద రాబోయే తీర్పు! పిల్లవాడు తెల్లవారేదాకా పడుకుని, తలుపులు తీసి, పెద్దాయనకి చెప్పడానికి భయపడ్డాడు. పెద్దాయన దాచొద్దన్నాడు. అంతా విని, ఆయన యెహోవా, ఆయనకు మంచిదనిపించినట్టే చేయనీ అన్నాడు. తనకు వ్యతిరేకంగా వచ్చే మాటను వినడం ఆ పిల్లవాడికి నేర్పింది ఆయనే. ఏలీ గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే నాకు బాధేస్తుంది.

చాలాసేపైంది. నానమ్మ దోమతెర కట్టేసింది. "బుజ్జీ, ఇంకొక్కసారి చదువమ్మా" అన్నాను. "ఈసారి ఎంత ఆలస్యమైనా పరవాలేదు."

చదివింది. ఆగి ఆగి చదివింది. మొదటి పిలుపు, రెండోది, మూడోది. నాని వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టాడు. పదో వచనంలో సగందాకా వచ్చి బుజ్జి ఆగిపోయింది. వేలు ఆ చోటే ఉంచి, వెనక్కి వెళ్ళి నాలుగో వచనం చూసింది, ఆరో వచనం చూసింది, ఎనిమిదోది చూసింది. మళ్ళీ పదో వచనానికి వచ్చింది.

"తాతయ్యా, ముందు మూడుసార్లూ పిలిచాడని మాత్రమే ఉంది. నాలుగోసారి వచ్చి, నిలబడి, పిలిచాడని ఉంది. ఎందుకు?"

నేను ఆ అధ్యాయం ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. ఎన్నోసార్లు పాఠం చెప్పాను. పుస్తకం ఇలా ఇవ్వమన్నాను. కళ్ళజోడు తుడుచుకుని దీపం దగ్గరికి జరిగాను. ఉంది.